చిల్లర వేరు చేస్తాడు, లెక్కపెట్టలేడు. మా వాడికి ఏ పని చూడాలి?

తెనాలి కండక్టర్

అందరికీ నమస్కారం. నేను ఆర్టీసీ కండక్టర్‌ని, ఇంకో రెండేళ్లలో రిటైరవుతాను. మా చిన్నవాడికి 23 ఏళ్లు. డౌన్ సిండ్రోమ్, పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల తక్కువ. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 75 శాతం అని ఉంది. 18 ఏళ్లు వచ్చేదాకా స్పెషల్ స్కూలు, ఆ తర్వాత అక్కడే నాలుగేళ్లు వొకేషనల్. వొకేషనల్ అంటే కాగితం కవర్లు, కొవ్వొత్తులు, దీపావళికి ప్రమిదలకు రంగులు. మైనం వాసన వాడికి పడదు. నాలుగేళ్లూ ముక్కు మూసుకునే చేశాడు పాపం. ఏడాదిగా ఇంట్లోనే ఉంటున్నాడు.

వాడికి ఏం వచ్చో ముందు చెప్తాను. మా ఆవిడ ఇంట్లోనే ఇడ్లీ పిండి, దోసెల పిండి అమ్ముతుంది. సాయంత్రానికి స్టీలు డబ్బాలో చిల్లర పోగవుతుంది. ఆ డబ్బా ఇంకెవరూ ముట్టుకోకూడదు. నేల మీద పాత క్యాలెండర్ కాగితం పరిచి, డబ్బా బోర్లించి, రూపాయలు, రెండ్లు, ఐదులు, పదులు వేరు చేస్తాడు. పది దాకా లెక్కపెట్టమంటే ఏడు తర్వాత తొమ్మిది అంటాడు. కానీ నేను పది బిళ్లలతో ఒక దొంతర పెట్టిస్తే, దాని పక్కన అదే ఎత్తు వచ్చేదాకా పేర్చి, రెంటి మీదా వేలు అడ్డంగా పెట్టి చూసుకుంటాడు. ఐదు రూపాయల్లో పాత మందపు బిళ్లలూ కొత్త పల్చటి బిళ్లలూ కలిపితే ఊరుకోడు. రెండూ ఐదేరా అంటే ‘కాదు’ అంటాడు. ఇక నోట్లయితే గాంధీ తాతలందరూ ఒకే వైపు చూడాలి. డిపోలో క్యాష్ కట్టేటప్పుడు నాకే అంత ఓపిక ఉండదు.

ఆరు నెలల కింద తెలిసినవాళ్ల దుకాణంలో పెట్టాను. ఊరికే ఇంట్లో కూర్చోకుండా ఉంటే చాలు, డబ్బులు కూడా వద్దన్నాను. ఖాళీ అట్టపెట్టెలు విప్పి, మడిచి, ఒక పక్కన పేర్చే పని ఇచ్చారు. చక్కగా చేశాడు. చేశాక ఓనరు దగ్గరికెళ్లి ‘అంకుల్, అయిపోయింది’ అనేవాడు. ‘సరే, కూర్చో’ అనేవాడాయన. రెండు నిమిషాలకి మళ్లీ ‘అంకుల్, అయిపోయింది’. పదకొండో రోజు కౌంటర్ దగ్గర రద్దీగా ఉన్నప్పుడు వెళ్లి ఆయన చొక్కా పట్టుకుని లాగాడట. ఫోనొచ్చింది. ‘మంచోడేనండీ, కానీ మాతో కాదు, తీసుకెళ్లిపోండి.’ ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. మా ఆవిడ వెళ్లి తీసుకొచ్చింది. అప్పట్నుంచి పని మాట ఎత్తితే మా ఆవిడకి టెన్షన్.

చుట్టాలేమో ‘నెలకి ఆరు వేలు పింఛను వస్తోందిగా, వాణ్ణెందుకు కష్టపెట్టడం’ అంటారు. మా తర్వాత వాడి రోజు ఎలా గడుస్తుందన్నది నా బెంగ, డబ్బు ఒక్కటే కాదు.

అడగాల్సినవి ఇవి. వాడికి ఏ పని సరిపోతుందో ఎలా తెలుసుకోవాలి? వాణ్ణే అడుగుదామంటే ఏం చేస్తావురా అన్నా ‘బస్సు’ అంటాడు. మళ్లీ ఎక్కడైనా ట్రైనింగ్‌లో చేర్చాలా? ప్రభుత్వ ఉద్యోగాల్లో కోటా ఉందంటారు, అది మా వాడికి పనికొస్తుందా?

ఊరికే చదివేవాణ్ణి

కండక్టర్ గారూ, తప్పుగా అనుకోకండి. బాగున్న పిల్లలకే ఉద్యోగాల్లేవు. బయట జనం మంచివాళ్లు కాదు. ఇంట్లో మీ ఆవిడకి తోడుగా ఉండనివ్వండి.

గుంటూరు స్పెషల్ టీచర్

పై ఆయన మాట పట్టించుకోకండి సార్. నేను 19 ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆ దుకాణంలో మీ అబ్బాయి పని రాక ఫెయిలవలేదు. పని అయిపోయాక ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు. ‘కూర్చో’ అన్నారు గానీ ఎక్కడ కూర్చోవాలి, ఎంతసేపు కూర్చోవాలి, తర్వాత ఏంటి? మనమైతే ఫోన్ చూసుకుంటాం. వాడికి తెలిసిన మర్యాద పెద్దవాళ్లకి వెళ్లి చెప్పడమే, అదే చేశాడు.

దీనికి నేను చేసేది చెప్తాను. వాడు చేయాల్సిన పనుల్ని ఆ చోటే, ఆ వస్తువులతోనే మీ ఫోన్‌లో ఫొటోలు తీయండి. బొమ్మలు గీయించకండి, నెట్‌లోవి పెట్టకండి. ఒక పొడుగాటి అట్టముక్క మీద వరసగా అంటించండి. అట్టకి ఎడమవైపు మొదటి ఫొటో దగ్గర బట్టల క్లిప్పు. పని అవగానే క్లిప్పు తీసి పక్క ఫొటోకి పెట్టుకోవాలి. చివరి ఫొటోలో ఒక స్టూలు, నీళ్ల సీసా ఉండాలి. క్లిప్పు అక్కడికొచ్చిందంటే ఆ స్టూలు మీద కూర్చుని నీళ్లు తాగాలి, ఓనరే వచ్చి క్లిప్పుని మళ్లీ మొదటికి జరుపుతాడు. అంటే ‘అయిపోయింది’ అని చెప్పే పని క్లిప్పు చేస్తుంది. మొదటి వారం మీలో ఒకరు పక్కనుండాలి. చెయ్యి పట్టి చేయించండి, తర్వాత నోటితో చెప్పండి, తర్వాత వేలు చూపించండి, తర్వాత ఊరికే నిలబడండి, ఆఖర్న కనపడకుండా పోండి. తల్లిదండ్రులు ఎక్కువగా తప్పుచేసేది ఈ ఆఖరి మెట్టు దగ్గరే. వెళ్లలేరు.

75 శాతం అన్నది పింఛనుకీ రాయితీలకీ పనికొచ్చే అంకె. వాడు ఏ పని చేయగలడో అది చెప్పదు. నా దగ్గర అదే శాతం ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకడు రోజంతా కొత్తిమీర కట్టలు కడతాడు, ఇంకొకడికి తడి వస్తువు ముట్టుకుంటేనే ఏడుపు.

కోటా సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ప్రభుత్వ ఉద్యోగాలకి 4 శాతం ఉంది. అందులో 1 శాతం ఆటిజం, మేధో వైకల్యం, చదువులో ఇబ్బందులున్నవాళ్లు, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లు, బహుళ వైకల్యం, వీళ్లందరికీ కలిపి. ఏడు తర్వాత తొమ్మిది అనే పిల్లాడు పోటీ పరీక్ష రాసి అందులో గట్టెక్కడం కష్టం. దాని కోసం కాచుక్కూర్చోవద్దు.

ట్రైనింగ్ మాటకొస్తే, మళ్లీ నాలుగేళ్లు కవర్లు అంటించడానికి పంపకండి. ముందు నేర్పి తర్వాత పనిలో పెడదామంటే వీళ్ల విషయంలో కుదరదు. స్కూల్లో టేబుల్ మీద నేర్చుకున్నది దుకాణంలో టేబుల్ మీదకి రాదు. పనిలో పెట్టి అక్కడే నేర్పాలి. ఏ పని సరిపోతుందో చూసే వృత్తి అంచనా మాత్రం ఒకసారి చేయించుకోవాలనుకుంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, పాతవాళ్లు ఇంకా ఎన్ఐఎంహెచ్ అనే అంటారు. పెద్దపిల్లల కోసం వాళ్లకి విడిగా విభాగం ఉంది. రైల్లో స్లీపర్‌లో వాడికీ, తోడు వెళ్లేవాళ్లు ఒకరికీ 75 శాతం రాయితీ వస్తుంది.

ఇంకో రెండు మాటలు. థైరాయిడ్ పరీక్ష ఎప్పుడు చేయించారు? డౌన్ పిల్లల్లో అది తగ్గడం చాలా మామూలు. మందకొడిగా కూర్చుంటే బద్ధకం అనుకుంటారు. బరువులెత్తే పనైతే మెడ ఎముకల గురించి డాక్టరుని అడగకుండా ఒప్పుకోకండి.

‘బస్సు’ అన్న జవాబు మాత్రం కొట్టిపారేయకండి. ఆ ఇంట్లో పొద్దున్నే బ్యాగు తగిలించుకుని బయల్దేరేది మీరొక్కరే. వాడు అడుగుతున్నది అదేనేమో.

విశాఖ అమ్మ

అన్నయ్యగారూ, మీ ఆవిడ గారికి ఈ మాట చూపించండి. మా అమ్మాయికి 27. ఒక హోటల్ లాండ్రీలో టవల్స్ మడత పెడుతుంది, నాలుగో ఏడు నడుస్తోంది. మొదట్లో నేనూ ఏడ్చాను. ఇప్పుడు ఆదివారం తనే నా టవల్ విప్పి మళ్లీ మడత పెడుతోంది, నా మడత బాగా లేదట.

దానికంటే ముందు ఇంకో చోట ఐదు నెలలు ట్రైనింగ్ అని పైసా ఇవ్వకుండా చేయించుకున్నారు. ట్రైనింగ్ ఎప్పటికీ అయ్యేది కాదు. అందుకే చెప్తున్నా, డబ్బులొద్దు అని మీ నోటితో అనకండి. వారమో పది రోజులో చూసుకోవడానికి సరే. ఆ తర్వాత ఎన్ని గంటలు, ఎంత ఇస్తారు అని ముందే మాట్లాడుకోండి. ఊరికే వచ్చినవాడికి ఎవరూ విలువివ్వరు.

పని నేర్పడానికి నాకు రెండు నెలలు పట్టింది. పని కానివి నేర్పడానికి ఏడాది పట్టింది. బాత్రూం తలుపు గడియ వేసుకోవడం, నెలసరి రోజుల్లో బ్యాగులో ఏం పెట్టుకోవాలి, తనంతట తాను ఆటో దిగడం. అందర్నీ కౌగిలించుకోకూడదు, నమస్కారం పెట్టాలి. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే గట్టిగా ‘వద్దు’ అనాలి. చిన్నప్పట్నుంచీ చెప్పినమాట వినమనే నేర్పాం కదా, ‘వద్దు’ అనడం మా పిల్లకి రాలేదు. రోజూ రాత్రి అన్నం తిన్నాక నేనడుగుతా, తను వద్దంటుంది, అలా ఆటలా నేర్పాను.

మొదటి జీతం చేతికిచ్చిన రోజే తోటివాళ్లెవరో అప్పు అడిగితే మొత్తం ఇచ్చేసి వచ్చింది. తిరిగి రాలేదు. ఇప్పుడు బ్యాంకులో పడుతుంది, పర్సులో రెండొందలు ఉంటాయి. బ్యాంకువాళ్లు గార్డియన్ కాగితం అడిగితే కలెక్టరు గారి అధ్యక్షతన లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద వాళ్లే ఇస్తారు. 18 దాటితే తల్లిదండ్రులమైనా మనం ఆటోమేటిగ్గా గార్డియన్లం కాము, నాకది 20 ఏళ్లప్పుడు తెలిసింది. సంతకం మాత్రం ఇప్పట్నుంచే నేర్పించండి.

పచ్చళ్ల యూనిట్, ఏలూరు

నేను అవతలి పక్షం. మా దగ్గర ఒక కుర్రాడు రెండున్నరేళ్లుగా చేస్తున్నాడు, రోజుకి నాలుగు గంటలు. జాలితో పెట్టుకోలేదు. లేబుళ్లు అంటించేవాళ్లు నెలకొకరు మానేస్తుంటే విసుగెత్తి పెట్టుకున్నా.

మొదటి వారం లేబుళ్లన్నీ వంకరే. తిట్టబోయి ఆగాను, ఎందుకంటే నేను అంటించినా కాస్త వంకరే వస్తుంది. మా వడ్రంగితో ఒక చెక్క చేయించాను. సీసా కూర్చునేలా గుండ్రంగా ఒక కోత, దాని ముందు రెండు మేకులు. లేబుల్ అంచు మేకులకి ఆనించి నొక్కితే చాలు, వంకర రావడానికి సందే లేదు. చెక్కకి ఖర్చు 150 రూపాయలు. ఇప్పుడు అందరూ దాని మీదే చేస్తున్నారు. పావుకిలో తూకం కూడా అంతే. కాటా మీద అంకెలు వాడికి తెలియవు, సీసాకి ఎర్ర టేపు చుట్టాం, అక్కడిదాకా నింపాలి.

ఒకరోజు ఖాళీ సీసాలకి మూతలు బిగించి లేబుల్ వేసేశాడు, రెండు ట్రేలు. పచ్చడి రావడం లేటయింది, ఆగమని ఎవరూ చెప్పలేదు. తప్పు మాదే. పైన టీచర్ గారు చెప్పిన క్లిప్పుల పద్ధతి అప్పుడు తెలిసుంటే బాగుండేది.

కండక్టర్ గారూ, మాలాంటివాళ్ల దగ్గరికొచ్చినప్పుడు ‘పాపం, ఏదో ఒకటి ఇవ్వండి’ అనకండి. అలా అంటే అట్టపెట్టెలే ఇస్తాం. మీరు ఇక్కడ రాసిన చిల్లర సంగతి చెప్పండి. మందం తేడా వేలితో కనిపెట్టే కుర్రాడు. నాకైతే వెంటనే హార్డ్‌వేర్ షాపు గుర్తొచ్చింది. సాయంత్రానికి అక్కడ నట్లు, వాషర్లు, స్క్రూలు అన్నీ ఒకే ట్రేలో కలిసిపోయి ఉంటాయి. వాటిని వేరు చేసే ఓపిక ఏ కుర్రాడికీ ఉండదు. ‘వారం రోజులు, రోజుకి రెండు గంటలు, పక్కన నేనుంటా, నచ్చకపోతే తీసుకెళ్తా’ అని అడిగి చూడండి.

డాలస్ అక్క

మా తమ్ముడు ఇక్కడే పెరిగాడు, ఆటిజం, మేధో వైకల్యం రెండూ. ఇక్కడ దేశమంతటికీ ఉన్న చట్టం ప్రకారం 16 ఏళ్లు వచ్చేసరికి స్కూల్లో, చదువయ్యాక ఏం చేస్తాడన్న ప్లాన్ రాయాలి. ప్రాజెక్ట్ సెర్చ్ అని ఒకటుంది, 1996లో సిన్సినాటీ పిల్లల ఆస్పత్రిలో మొదలైంది. ఏడాదిలో ఒకే సంస్థలో మూడు వేర్వేరు విభాగాల్లో పని చేయిస్తారు. మా వాడు లైబ్రరీలో బాగుంటాడని మేమంతా అనుకున్నాం. వాడికి నచ్చింది ఆస్పత్రిలో బెడ్‌షీట్ల బండి తోయడం. చూపిస్తే గానీ వాడికీ తెలియలేదు, మాకూ తెలియలేదు. మీరూ ఒక్కచోటుతో ఆగకుండా మూడు చోట్ల చూడండి అంకుల్.

తెనాలి కండక్టర్ (ఆరు వారాల తర్వాత)

జవాబులిచ్చిన అందరికీ దండాలు. డాలస్ అమ్మాయి చెప్పిన రొటేషన్ మా డిపోలో మామూలే, రూట్లు మారుస్తూ ఉంటారు. అందుకని అలాగే మొదలెట్టాను. లీవు పెట్టి నేనే వాడి వెంట తిరిగాను.

మొదట స్నేహితుడి టిఫిన్ హోటల్. కడిగిన ప్లేట్లు తుడిచి పేర్చాలి. పని బానే ఉంది గానీ గ్రైండరు మోగినప్పుడల్లా రెండు చెవులూ మూసుకుని బయటికొచ్చేవాడు. మూడో రోజు చెప్పులు వేసుకోనన్నాడు. తర్వాత మొక్కల నర్సరీ. కవర్లలో మట్టి నింపడం. ఒక్కో కవరుకి ఒక్కోసారి చేతులు కడుక్కుని వచ్చాడు. నర్సరీ ఆయన నవ్వి ‘నీళ్లన్నీ మీవాడికే అయిపోయేలా ఉన్నాయి’ అన్నాడు. నాలుగు రోజులకి మేమే మానేశాం. వీటిని నేను ఓటమి కింద రాసుకోలేదు, కానీ మా ఆవిడ మళ్లీ దిగులుపడింది. విశాఖ అమ్మగారి మాటలు రెండుసార్లు చదివి వినిపించాను. థైరాయిడ్ కూడా చూపించాం, తక్కువే ఉంది, మాత్ర మొదలెట్టాం.

మూడోది హార్డ్‌వేర్ షాపు. ఏలూరు ఆయన చెప్పినట్టే అడిగాను, పాపం అన్న మాట రానీయలేదు. షాపాయన ఒక ట్రే తెచ్చి బల్ల మీద పెట్టాడు, అందులో ఎన్నేళ్ల సరుకుందో దేవుడికే తెలియాలి. మా వాడు పావుగంట ఏమీ ముట్టుకోలేదు, ఊరికే చూశాడు. నాకు చెమటలు పట్టాయి. తర్వాత ఒక వాషర్ తీసి వేలి మీద పెట్టుకుని, ఇంకోటి దాని మీద పెట్టి, అడ్డంగా కంటి ముందుకి తెచ్చుకున్నాడు. ఇంట్లో ఐదు రూపాయల బిళ్లలు చూసుకునే పద్ధతే. ఆ రోజు రెండు గంటల్లో ఏడు డబ్బాలు నింపాడు. ఒకటిన్నర అంగుళం అని రాసున్న డబ్బాలోంచి కొన్ని స్క్రూలు ఏరి బయట పెడితే, తప్పు చేస్తున్నాడని ఆపబోయాను. షాపాయన స్కేలు పెట్టి చూశాడు. అంగుళంపావువి.

అట్ట, క్లిప్పు తయారుచేశాం. ఐదు ఫొటోలు, చివర స్టూలు. మొదటి నాలుగు రోజులు క్లిప్పు కోసం పని గబగబా ముగించేవాడు, ఇప్పుడు లేదు. ‘అయిపోయింది’ అనడం పూర్తిగా మానలేదు, కానీ క్లిప్పుకి చెప్తున్నాడు. రోజుకి రెండున్నర గంటలు, వంద రూపాయలు. ఎక్కువా తక్కువా అని నన్నడగొద్దు, మూడు నెలలయ్యాక మాట్లాడుకుందాం అనుకున్నాం. పొద్దున నా పాత క్యాష్ బ్యాగు తగిలించుకుని నాతోపాటే బయల్దేరుతున్నాడు. అందులో నీళ్ల సీసా, అట్ట.

మొదటి శనివారం ఆరు వంద నోట్లు ఇచ్చారు. దారిపొడవునా బ్యాగులోంచి తీసి సర్దాడు, ఆరుగురు గాంధీలూ ఒకే వైపు చూసేదాకా. ఇంటికి రాగానే అలవాటుగా తీసుకెళ్లి పిండి డబ్బాలో వేశాడు. మా ఆవిడ అవి తీసి, లోపల్నుంచి ఇంకో డబ్బా తెచ్చి ఇచ్చింది.

ఇప్పుడు కొత్త సమస్య. ఆదివారం షాపు ఉండదు. వాడు ఏడింటికే బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడుతున్నాడు. సెలవురా అంటే ఏడుస్తున్నాడు, మళ్లీ తీసేశారనుకుంటున్నాడేమో. ఏం చేయాలి?

గుంటూరు స్పెషల్ టీచర్

సార్, ఇంట్లో క్యాలెండర్లో ఆదివారం ఎలాగూ ఎర్రగానే ఉంటుంది. శనివారం రాత్రి మీరిద్దరూ కలిసి దాని మీద వేలు పెట్టండి. ఆదివారం ఒకసారి షాపు దాకా తీసుకెళ్లి, మూసిన షట్టర్ ఫొటో తీసి, క్యాలెండర్ పక్కన అంటించండి. సోమవారం తెరిచి ఉన్నది ఇంకో ఫొటో.

తెనాలి కండక్టర్

తీశాను మేడం. ఫొటో అనగానే వెళ్లి షట్టర్ ముందు నిలబడ్డాడు, బ్యాగుతో, పళ్లన్నీ బయటపెట్టి. ఇవాళ అది చూపించి సెలవు అంటే, దాంట్లో తన మీద వేలు పెట్టి ‘నేను’ అని, పద అని నా చెయ్యి లాగుతున్నాడు. వచ్చే ఆదివారం ఇంకోటి తీయాలి, వాడు లేకుండా.